మంచం దిగని అల్లుడు

కొంగలంక,
సోమవారం, మే 2000

సౌభాగ్యవతి ఉదయలక్ష్మికి జోగారావు దీవించి రాసేది. ఇక్కడ మంచం క్షేమం, దాని మీద నేనూ క్షేమం. అక్కడ మెస్సూ నువ్వూ క్షేమమని తలుస్తాను.

మళ్లీ అదే మంచం, అదే గొడుగు. నేను ముందే చెప్పాను, నువ్వు వినలేదు. పంజాగుట్ట డాక్టరు ఏమన్నాడు? ఒళ్లు కదలాలి, ఇలా గల్లాపెట్టె ముందు కూచునే ఉంటే బీపీ తగ్గదు అన్నాడు. నువ్వేమో, అమీర్‌పేటలో కదలడానికి చోటెక్కడుంది, కంప్యూటర్ కోర్సుల పిల్లలే ఒకరినొకరు తోసుకుని నడుస్తున్నారు, మా పుట్టింటికి వెళ్లి వారం రోజులు కొల్లేట్లో ఈదండి, దోనె నడపండి, మా అన్నయ్యకి పనుల్లో సాయం చెయ్యండి అని బస్సెక్కించావు.

నిన్న పొద్దున్న నేనింకా చెప్పులు విడవకముందే మీ అన్నయ్య వీర్రాజుగారు వేపచెట్టు కింద మంచం వేయించారు. ఎండ జరిగితే మంచం జరుపుతున్నారు, నేను దాని మీద ఉండగానే. కాళ్లు కడుక్కుందామని చేతిపంపు కొట్టబోతే ఇద్దరు మనుషులు పరిగెత్తుకొచ్చి నా చేతులు విడిపించారు. ఈదుతానంటే నీళ్లు మురికన్నారు. దోనె తోస్తానంటే గెడ బరువన్నారు. ఆ గెడే పట్టుకుని మీ అన్నయ్య కూతురు మంజూష, ఎనిమిదో క్లాసు పిల్ల, నా ముందునుంచే నాలుగుసార్లు దోనె తోసుకుంటూ పోయింది. పోయినప్పుడల్లా "మావయ్యగారూ, మంచినీళ్లు కావాలా" అని అడిగింది.

వచ్చే ఆదివారం ఊరి గుంట పడుతున్నారు. వేసవిలో కొల్లేరు తగ్గాక మిగిలే ఆ గుంటలోకి మీ ఊరు ఊరంతా చేపలు పట్టడానికి ఊతలతో దిగే రోజు. నీకు నేను చెప్పేదేముంది, నువ్వు పరికిణీ కట్టుకునే రోజుల్లోనే దిగినదానివి. అడుగు లేని బుట్టలాంటి ఆ వెదురు ఊత ఎలా పట్టుకోవాలో కూడా నాకు ఇంతవరకు ఎవరూ నేర్పలేదు. పెళ్లయినప్పటినుంచీ గట్టు మీద గొడుగు కింద కూచుని చూడటమే నా వంతు. ఈసారి దిగుతాను. డాక్టరు కోసం కాదు. నాకు దిగాలని ఉంది.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోను మీవాళ్ల సావిట్లో, మీ అన్నయ్య కుర్చీ పక్కన ఉంది. మీవాళ్ల మీద చాడీలు మీవాళ్ల ఫోన్లో ఎలా చెప్పను? మన మెస్సు ఎదురుగా బస్సు ఆపే డ్రైవరు కృపావరం ఇల్లు ఇక్కడికి పక్క ఊరే. బస్సు ఒక రాత్రి అటూ ఒక రాత్రి ఇటూ తిప్పుతూనే ఉన్నాడు. ఉత్తరాలు అతని చేతే పంపుకుందాం.

ఇట్లు,
కూర్చుని కూర్చుని అలిసిపోయిన
నీ జోగారావు

తా.క.: రాసి రాసి చెయ్యి నొప్పెడుతుందేమో, మీరు చెప్తుంటే మంజూష రాస్తుంది అని మీ అన్నయ్య ఇప్పుడే వచ్చి అన్నారు. పైన రాసిందంతా ఆ పిల్లకి చెప్పి రాయించినట్టు ఒకసారి ఊహించుకో.

*

అమీర్‌పేట,
మంగళవారం

శ్రీవారికి ఉదయలక్ష్మి నమస్కరించి రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. మీరు లేని లోటు మధ్యాహ్నం భోజనాలయ్యేదాకా ఎవరికీ తెలియలేదు.

మెస్సు గురించి బెంగ పెట్టుకోకండి. ఒరాకిల్ పరీక్షలట, పిల్లలంతా పుస్తకాలు పట్టుకునే తింటున్నారు. మొన్న ఫణీంద్ర పెరుగనుకుని మజ్జిగచారు మీద మజ్జిగచారు పోసుకుని, బాగుందండీ అని వెళ్లిపోయాడు. గల్లా దగ్గర మీరు చెప్పే జోకులు ఇప్పుడు వంటమాస్టరు రాజనర్సయ్య చెప్తున్నాడు. పిల్లలు నవ్వుతున్నారు.

మావాళ్ల సంగతి మీకు తెలియనిదా? అల్లుడి చెయ్యి పని మీద పడితే ఆ ఇంటి పరువు పోయినట్టే మా ఊళ్లో. మా పెదనాన్నగారి అల్లుడు ఒకసారి పొరపాటున గేదెకి గడ్డి వేశాడు. ఆ మాట మా పెదనాన్న బతికున్నన్నాళ్లూ పడ్డాడు. ఆ గేదె కూడా పోయింది, మాట మాత్రం పోలేదు. కాబట్టి వాళ్లని అడగొద్దు. అడిగారంటే వద్దనడం వాళ్ల ధర్మం.

అడక్కుండా చేసేయండి. దోనెకి తారు పూయాలని అన్నయ్య సంక్రాంతినుంచీ అంటున్నాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఊరంతా నిద్రపోతుంది, కుక్కలతో సహా. అప్పుడు వెళ్లి పూసేయండి. తీరా పని అయిపోయి కళ్లముందు కనపడితే ఏమంటారు? దాంతో కాస్త అలవాటుపడతారు. ఆదివారం మీరు గుంటలో కాలు పెట్టినా పట్టించుకోరు.

ఇట్లు,
మీ ఉదయలక్ష్మి

తా.క.: పెద్ద గరిటె కనపడటం లేదు. మీరు సంచిలో సర్దుకుని వెళ్లారని రాజనర్సయ్య అనుమానం. సరదాకి అంటున్నాడేమో అనుకున్నాను. పొద్దుటినుంచి నాలుగుసార్లు అన్నాడు. ఎందుకైనా మంచిది, సంచి చూడండి.

*

కొంగలంక,
బుధవారం

సౌభాగ్యవతి ఉదయలక్ష్మికి జోగారావు ఎడమ చేత్తో దీవించి రాసేది. కుడిచేతికి తారు ఉంది.

నీ సలహా అక్షరాలా పాటించాను. ఇంకెవరికీ ఇవ్వకు.

మధ్యాహ్నం అందరూ పడుకున్నారు. నువ్వన్నట్టే కుక్కలు కూడా. నేను పంచె ఎగ్గట్టి, తారు డబ్బా వేడిచేసి, బోర్లించిన దోనెకి పూత మొదలుపెట్టాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. సగం దోనె అయ్యేసరికి ఎదురింటావిడ నీళ్లకి వచ్చింది. నన్ను చూసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ఖాళీ బిందెతో వెనక్కి వెళ్లిపోయింది. కాసేపటికి గట్టు నిండా జనం.

మీ అన్నయ్య వచ్చి తారు అంటిన నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు. "ఏం కష్టమొచ్చింది బావగారూ? మా దగ్గర దాస్తారా?" అన్నారు. ఏ కష్టమూ లేదన్నాను. కష్టంలో ఉన్నవాళ్లు అలాగే అంటారని వెనకనుంచి ఎవరో అన్నారు. మెస్సు నడుస్తోందా అని మీ అన్నయ్య అడిగారు. నీ గొప్ప చెబుదామని, నేను లేకపోయినా బ్రహ్మాండంగా నడుస్తోందన్నాను. గట్టు మీద అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

నాకు అర్థమైంది ఇది. మీ ఊళ్లో అత్తారింట అల్లుడు పని ముట్టుకున్నాడంటే దానికి ఒకటే కారణం ఉంటుంది. అక్కడ వ్యాపారం మునిగింది, ఇక్కడే ఉండిపోవడానికి వచ్చాడు, సిగ్గుపడి చెప్పలేక పని చేస్తున్నాడు. సాయంత్రంనుంచి పలకరింపులు మొదలయ్యాయి. వస్తారు, మంచం చుట్టూ కూచుంటారు, నిట్టూరుస్తారు, రెండు దోసకాయలు పెట్టి వెళ్తారు. ఒక పెద్దాయన, వాళ్ల తమ్ముడి బట్టల కొట్టు కూడా ఇలాగే పోయిందని, అధైర్యపడొద్దని చెప్పాడు. నేను వద్దంటున్నకొద్దీ నా వీపు నిమిరాడు.

సరిగ్గా అప్పుడే కృపావరం ఉత్తరం కోసం వచ్చాడు. నా చేతులు చూసి ఇదేంటండీ అన్నాడు. నేను నోరు తెరిచేలోపు, "మావయ్యగారు ఇక్కడ పని చేస్తున్నారండీ" అని మంజూష చెప్పింది. అదీ అబద్ధం కాదు.

ఏదేమైనా ఆదివారం దిగడం ఖాయం.

ఇట్లు,
నీ జోగారావు

తా.క.: తారు కిరసనాయిలుతో పోతుందట. ఆ కిరసనాయిలు కూడా నన్ను ముట్టుకోనివ్వడం లేదు. ఒక్కో వేలికి ఒక్కో మనిషి కూచుని తుడుస్తున్నారు. గరిటె నా దగ్గర లేదు.

*

అమీర్‌పేట,
గురువారం

శ్రీవారికి ఉదయలక్ష్మి నమస్కరించి రాసేది. క్షేమమని రాయాలంటే చెయ్యి రావడం లేదు.

కృపావరం పొద్దున్నే బస్సు ఆపి, ఎదురు టీకొట్టు దగ్గర టీ తాగుతూ, పాపం జోగారావుగారు అత్తారింట్లో కూలి పని చేస్తున్నారు, నేను కళ్లారా చూశాను, చేతులు నల్లగా అయిపోయాయి అన్నాడట. మంచి మనసుతోనే అన్నాడు, కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాడట. తొమ్మిదయ్యేసరికి రాజనర్సయ్య పొయ్యి దగ్గర పని ఆపి నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, జోగన్న పోయిండు, మెస్సు సుత పోతదంటున్నరు. నేను జర వేరే పని సూసుకోవాల్నా?"

నీకేం ఫికర్ లేదు, ఆయన ఆరోగ్యం కోసం వెళ్లారన్నాను. సరే అని తల ఊపి, పప్పులో తాలింపు వెయ్యడం మర్చిపోయాడు. ఇక ఫణీంద్ర, వాడి స్నేహితులు మధ్యాహ్నం భోజనానికి రాలేదు. ఎర్రమంజిల్ దగ్గర ఇంకో మెస్సులో ఒకపూట తిని చూశారట. సాయంత్రం తిరిగొచ్చి, అక్కడ సాంబారు బాగాలేదండీ, మీరు ఎన్నాళ్లు ఉంటే అన్నాళ్లు ఇక్కడే తింటాం అన్నారు. ఆస్పత్రిలో రోగితో మాట్లాడినట్టు మాట్లాడారు.

అసలుది వినండి. ఇంటి ఓనరు అచ్యుతరావుగారు శ్రీనగర్ కాలనీనుంచి కారేసుకుని వచ్చారు. పక్కన ఒకాయన, కంప్యూటర్ కోచింగ్ పెడతాడట. చేతిలో టేపు. పిల్లలు తింటూనే ఉన్నారు, వాళ్ల విస్తళ్ల మధ్యనుంచి టేపు పరిచి, బల్లలు తీసేస్తే ముప్పై కంప్యూటర్లు పడతాయండీ అంటున్నాడు. ఏంటండీ ఇది అని అడిగితే అచ్యుతరావుగారు మెల్లగా, "తప్పదు కదమ్మా, మీవారు అలా వెళ్లాక" అన్నారు. విశ్రాంతికి వెళ్లారండీ, ఆదివారం రాత్రి బస్సుకి బయల్దేరుతారు అన్నాను. "అవునమ్మా, ఎవరడిగినా అలాగే చెప్పు" అన్నారు.

మీకు దండం పెడతాను, ఆదివారం దాకా ఆ మంచం దిగకండి. గుంట ఎక్కడికీ పోదు, వచ్చే ఏడు చూద్దాం. మీరు ఆదివారం గుంటలో దిగారంటే సోమవారం మన హాల్లో జావా చెప్తారు.

ఇట్లు,
మీ ఉదయలక్ష్మి

తా.క.: గరిటె దొరికింది. రాజనర్సయ్య కూచునే బియ్యం బస్తా మీదే ఉంది. రెండు రోజులుగా ఏదో గుచ్చుకుంటోందని అంటూనే ఉన్నాడు.

*

కొంగలంక,
శుక్రవారం

సౌభాగ్యవతి ఉదయలక్ష్మికి జోగారావు దీవించి, బతిమాలి రాసేది.

నీ ఉత్తరం చూశాక బుద్ధిగా మంచం మీద కూచున్నాను. అది ఇంకా తప్పయింది. చూడండి, తారు పూయొద్దనేసరికి దిగులుపెట్టుకున్నాడు అన్నారు. కష్టంలో ఉన్న అల్లుడికి మర్యాద తగ్గితే ఇంకా కుంగిపోతాడని మర్యాదలు రెట్టింపు చేశారు. ఇప్పుడు రెండు మంచాలు. పొద్దున్న గారెలు, మధ్యాహ్నం కోడి, సాయంత్రం అరిసెలు. మీ అమ్మగారు జానకీదేవిగారు ఎప్పటిలాగే నాకు ఎదురుపడకుండా తలుపు చాటునుంచి, ఇంకో రెండు వెయ్యండర్రా, పాపం అంటున్నారు. డాక్టరు దగ్గరికి ఈ ఒంటితో వెళ్తే నన్ను గుర్తుపట్టడు.

నీకో మాట చెప్తాను, నవ్వకు. మీ ఇంట్లో ఏ పెళ్లి జరిగినా, భోజనాలయ్యాక అందరూ చాప మీద చేరి గుంట కబుర్లు చెప్పుకుంటారు. మీ అన్నయ్య ఊతలో ఒకేసారి రెండు కొర్రమీన్లు పడ్డ ఏడు. మీ నాన్నగారు బురదలో చెప్పు పోగొట్టుకుని, దాని కోసం చెయ్యి పెట్టి ఇంగిలాయి చేపని పట్టుకొచ్చిన ఏడు. నువ్వు జారిపడి లేవకుండానే జెల్లని పట్టిన ఏడు. మంజూషకి కూడా ఒక కథ ఉంది. నేను పక్కనే కూచుని వింటాను. ఏ కథలోనూ నేను లేను. ఒక్కదాంట్లో ఉన్నాను, గాలికి గొడుగు ఎగిరిపోయిన ఏడు. అందులో కూడా కథ గొడుగుదే.

మీవాళ్లు నాకు పెట్టని పిండివంట లేదు. చెప్పనిది ఒక్క పని. పని చెప్పని ఇంట్లో ఎన్నేళ్లున్నా చుట్టంగానే ఉంటాం ఉదయా. యాభై నాలుగేళ్లొచ్చాయి, మోకాళ్లు ఇప్పుడే సణుగుతున్నాయి. వచ్చే ఏడు నిజంగానే గొడుగు కింద కూచోవాల్సిన మనిషినవుతానేమో.

మెస్సు పోవడం నాకూ ఇష్టం లేదు. నువ్వు వద్దంటే దిగను. కానీ నువ్వు ఆ ఊరి ఆడపడుచువి. రేపు ఒకసారి ఫోన్ చేసి మీ అన్నయ్యతో ఏదో ఒకటి చెప్పు. ఏం చెప్తావో నాకు తెలీదు. నాకు తోచినవన్నీ తారుతోనే అయిపోయాయి.

ఇట్లు,
నీ జోగారావు

తా.క.: రెండో మంచం ఎందుకని అడిగాను. కాళ్లు చాపుకోవడానికట. మొదటి దాని మీద కాళ్లకి చోటుందన్నాను. అది నడుముకట.

*

అమీర్‌పేట,
శనివారం

శ్రీవారికి ఉదయలక్ష్మి నమస్కారాలు. తొందరలో రాస్తున్నాను, బస్సు హారను కొడుతోంది.

ఫోన్ చేశాను. అన్నయ్యతో మాట్లాడాను, తర్వాత అమ్మతో మాట్లాడాను. రేపు మీరు దిగుతారు. ఏం చెప్పానని అడగొద్దు. మెస్సుకి వచ్చిన మాట కూడా దాంతోనే పోతుంది.

టేపు ఆయన మళ్లీ వచ్చాడు. ముందు కూచుని తినండి, కొలతలు తర్వాత అన్నాను. తిన్నాడు. మీ కోచింగుకి వచ్చే పిల్లలు మధ్యాహ్నం ఎక్కడ తింటారండీ అని అడిగాను. చాలాసేపు ఆలోచించి ఇంకొంచెం పప్పు వేయించుకున్నాడు. ఇప్పుడు ఖాళీగా ఉన్న పైఅంతస్తు చాలంటున్నాడు. అచ్యుతరావుగారికి రెండు అద్దెలు, మనకి ముప్పై విస్తళ్లు.

ఇట్లు,
మీ ఉదయలక్ష్మి

తా.క.: రేపు మావాళ్లు ఏమన్నా ఎదురు చెప్పకండి. ముఖ్యంగా నేను అలాంటిదాన్ని కాదని మాత్రం అనకండి.

*

కొంగలంక,
ఆదివారం

సౌభాగ్యవతి ఉదయలక్ష్మికి జోగారావు రాసేది. దీవెన పెట్టాలో దండం పెట్టాలో తెలియక రెండూ పెడుతున్నాను.

పొద్దున్న లేచేసరికి వేపచెట్టు కింద మంచం లేదు. రెండోదీ లేదు. కాఫీ రాలేదు. కృపావరం ఇచ్చిపోయిన నీ ఉత్తరం చదువుకుని అటూ ఇటూ చూస్తుంటే తలుపు చాటునుంచి మీ అమ్మగారు బయటికొచ్చి సరాసరి నా ఎదురుగా నిలబడ్డారు. ఆవిడ మొహం నేను తిన్నగా చూడటం ఇదే మొదలు. నీ ముక్కు ఎక్కడినుంచి వచ్చిందో ఇవాళ తెలిసింది.

"ఏం అబ్బాయ్, నా కూతురు సాంబారుకి వంక పెడతావా? పదిమంది పిల్లల ముందు దాన్ని నీళ్లచారు అంటావా?"

నేను నీ ఉత్తరం తలుచుకుని నోరు మూసుకున్నాను. వెనకనుంచి మీ అన్నయ్య అందుకున్నారు. మెస్సు చక్కగా నడుస్తుంటే, దాన్ని నడిపే మనిషిని అన్ని మాటలంటావా, అందుకే అది నిన్ను ఇంట్లోంచి పంపించేసింది, బుద్ధొచ్చేదాకా అల్లుడి మర్యాదలన్నీ ఆపేసి పని చేయించి అన్నం పెట్టమంది అన్నారు. అని, ఒక ఊత తెచ్చి నా కాళ్ల ముందు పడేశారు.

"దిగు."

దిగండి కాదు. దిగు. ఉదయా, నాకు వచ్చిన నవ్వు ఆపుకోవడానికి తల దించుకున్నాను. సిగ్గుపడుతున్నాడు, పర్లేదు, మారతాడు అని ఎదురింటావిడ అంది.

గుంటలో దిగాను. మోకాళ్లదాకా బురద, కింద చల్లగా, పైన నీళ్లు వేడిగా. నా ఎడమపక్క మీ అన్నయ్య, కుడిపక్క మంజూష, ముందూ వెనకా ఊరంతా. మొదటిసారి ఊత దించితే ఏమీ లేదు. రెండోసారి నా కాలే పడింది. "మావయ్యా, ఊత మీద పడిపోకు, నొక్కి పట్టుకుని ఊరుకో, చేప ఉంటే అదే కొడుతుంది" అని మంజూష కసిరింది. ఊరుకున్నాను. లోపల వెదురుకి టప్పున తగిలింది. పైనుంచి చెయ్యి పెడితే జారిపోయింది, మళ్లీ పెడితే మళ్లీ జారింది, చివరికి ఊత వదిలేసి రెండు చేతులా వాటేసుకుని దాంతోపాటే నీళ్లలో కూచున్నాను. కొర్రమీను. నా చెయ్యంత ఉంది. నువ్వు నమ్మవని మోచెయ్యంత అని రాస్తున్నాను. గట్టు మీద వాళ్లు ఈలలు వేశారు. మీ అన్నయ్య నాతో మాట్లాడకూడదనుకుంటూనే, తల దగ్గర పట్టుకోవయ్యా, తల దగ్గర అని అరిచారు.

పంపకాల్లో పని చేసినవాళ్ల వరసలో నాకూ ఒక వాటా వేశారు. మధ్యాహ్నం ఆఖరి బంతిలో కూచోబెట్టారు. మీ అమ్మగారే వడ్డించారు. తల ముక్క మంజూషకి వెళ్లింది, నాకు తోక వచ్చింది. మారు వెయ్యమని అడగడానికి ధైర్యం చాలలేదు. ఇన్నేళ్లూ తిన్న తల ముక్కలేవీ ఇంత రుచిగా అనిపించలేదు.

నువ్వన్నట్టే మెస్సు మాట పోయింది. మునిగిపోలేదట, మొగుడూ పెళ్లాలు పోట్లాడుకున్నారట, అంతేనట అని ఊరంతా ఊపిరి పీల్చుకుంది. కృపావరానికి కూడా అలాగే చెప్పారు. రేపు టీకొట్టు దగ్గర వింటావు. అయితే నేను ఇవాళ్టి బస్సుకి రావడం లేదు. నువ్వు ఫోన్ చేసి క్షమించానంటే తప్ప పంపనని మీ అన్నయ్య పట్టు. నా సీట్లో చేపల బుట్ట వస్తోంది, టికెట్ ఎలాగూ కొన్నాం కదా, కిటికీ పక్కన పెట్టమన్నాను.

ఇవాళ పశువుల పాకకి తాటాకు కప్పుతున్నారు. రేపూ ఎల్లుండీ కాలవలో గుర్రపు డెక్క తియ్యాలి. ఆ తర్వాత సగంలో ఆగిన దోనె ఉంది. చేతులు బొబ్బలెక్కాయి, నడుము పట్టేసింది, మధ్యాహ్నం మంచం లేకుండా చాప మీద పడి చచ్చినట్టు నిద్రపోయాను. సాంబారు విషయంలో నేనెప్పుడూ ఏమీ అనలేదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. మీవాళ్ల జాలి గుండె కూడా నాకు తెలుసు, నువ్వు ఫోన్లో సరే పోనీలే అన్నావంటే ఆ నిమిషానే మళ్లీ మంచం వేసేస్తారు. అందుకని నిన్ను కోరేది ఒకటే. ఎవరు చెప్పినా, మీ అమ్మగారే ఏడ్చి అడిగినా సరే, ఈ వారం దాకా నువ్వు నన్ను

ఉండు, మీ అన్నయ్య పాక మీదనుంచి కేకేస్తున్నారు. "జోగారావూ, ఆ ఉత్తరం తర్వాత ఏడుద్దువుగాని, ముందు వచ్చి నిచ్చెన పట్టుకో" అంటున్నారు. వస్తున్నానన్నాను. చెప్పొచ్చేదేంటంటే, ఈ వారం దాకా మాత్రం దయచేసి నన్ను క్షమిం